శామీర్‌పేటలో మిగిలిన టేపు

ధరణి గొంతు పోయి రెండేళ్ళు కావస్తోంది. క్యాన్సర్ సోకిన స్వరపేటికను డాక్టర్లు తీసేశాక మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే. ఒకప్పుడు ఆమె డబ్బింగ్ కళాకారిణి. విక్టోరియా రాణి కాలంలో లండన్ పేదవాడలో ఆడవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని చంపి, ఎవరికీ దొరక్కుండా పోయిన హంతకుడు జాక్ ది రిప్పర్. అతని మీద తీసిన ఒక విదేశీ డాక్యుమెంటరీని ఇరవై ఏళ్ళ కిందట ఒక చానల్ తెలుగులోకి తెచ్చింది. చనిపోయిన ఆడవాళ్ళందరికీ గొంతిచ్చింది ధరణే. మిగతా పనులన్నీ గుంపులో ఒకటి రెండు మాటలే కాబట్టి, తన పాత గొంతు ఎక్కడైనా మిగిలి ఉంటే అందులోనే ఉండాలి. ఆ రికార్డింగు దొరికితే అదే గొంతుతో ఫోను చేత మాట్లాడించవచ్చని థెరపిస్టు చెప్పినప్పటి నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు.

రిప్పర్ మీద వచ్చిన డాక్యుమెంటరీలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరికాయి. హంతకుడు డాక్టరని తేల్చినవి, కసాయివాడని తేల్చినవి, ఏమీ తేల్చనివి. తను డబ్బింగ్ చెప్పినదాని ఇంగ్లీషు మూలం కూడా దొరికింది. తెలుగుది మాత్రం దొరకలేదు. ఆ చానలే మూతపడింది. చివరికి పాత సౌండ్ ఇంజనీరు బుల్లిబాబు ఒక ఆచూకీ చెప్పాడు. శామీర్‌పేటలో కేబుల్ టీవీ నడిపిన సిద్దిరాములు అనే ఆయన, తన లోకల్ చానల్లో మధ్యాహ్నాలు నింపుకోవడానికి ఇలాంటివన్నీ టేపుల్లోకి ఎక్కించి పెట్టుకునేవాడట. 'పాత టేపుల కోసం' అని ధరణి అతనికి మెసేజ్ పెట్టింది. "రాండ్రి, జూద్దాం" అని జవాబొచ్చింది.

ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమె దూలపల్లి నుంచి బయల్దేరింది.

బస్సు తూంకుంట దగ్గరికొచ్చేసరికి గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి తిరిగింది. బస్సులో వాళ్ళంతా ఒక్కసారిగా ముక్కులు మూసుకున్నారు. కొంగులు, కర్చీఫులు, ఏవీ లేనివాళ్ళకు అరచేతులు. కిటికీలు దడదడా మూశారు. ధరణి ఒక్కతే మామూలుగా కూర్చుంది. ముక్కులోంచి ఊపిరి ఆడనివాళ్ళకు వాసనలూ ఉండవు. కాఫీ వాసన ఎలా ఉండేదో కూడా ఆమె మరిచిపోయే దశలో ఉంది.

"నీకు వాసనొస్తలేదా అక్కా?" పక్కన కూర్చున్నామె కొంగులోంచే అడిగింది.

ధరణి నవ్వి, తల అడ్డంగా ఊపింది. పక్కనామె ఇంకేదో అడిగింది. ధరణి మళ్ళీ నవ్వింది. రెండుసార్లూ మాట రాకపోయేసరికి ఆ ఆడమనిషి మొహం తిప్పుకుంది. పొగరనుకుందో, పిచ్చిదనుకుందో. గొంతు పోయిన కొత్తలో ఇలాంటప్పుడు మెడకు చుట్టుకున్న స్కార్ఫు కాస్త పక్కకి జరిపి చూపించేది ధరణి. వాళ్ళు అయ్యో అనేవాళ్ళు, ఆ తర్వాత ఎలాగూ మొహం తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు చూపించడం మానేసింది.

శామీర్‌పేటలో దిగి, చెరువు వైపు వెళ్ళే రోడ్డులో కొంత దూరం ఆటోలో వెళ్ళింది. సిద్దిరాములు ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. రెండంతస్తుల కొత్త భవనం. గేటు పక్కన ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్న ఫ్లెక్సీ, అందులో ఓ మూల సిద్దిరాములు నమస్కారం పెడుతూ ఉన్నాడు. ఇంటి వెనక పొడవాటి రేకుల షెడ్డు. ఒకప్పుడు కోళ్ళఫారం. కోళ్ళు పోయి, జాలీలు మాత్రం మిగిలాయి.

గేటు తీసి లోపలికి అడుగుపెట్టిన ధరణికి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఆడగొంతు. నిదానంగా, తొణక్కుండా కథ చెబుతోంది.

"...పోలీసులు గుట్టంతా డ్రోన్లతో గాలించారు. ఆఖరికి ఆమె వాట్సాప్‌లో పెట్టిన ఫొటోయే వాళ్ళకు దారి చూపింది..."

ధరణి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మామూలు మనుషులు తమ గొంతును రికార్డింగులో వింటే ఇది నాదేనా అనుకుంటారు. డబ్బింగ్ వాళ్ళ సంగతి వేరు. రోజూ హెడ్‌ఫోన్లలో వినీ వినీ, అద్దంలో మొహం చూసుకున్నంత సులువుగా పోల్చుకుంటారు. 'ఆఖరికి' అనే ముందు ఆ చిన్న ఊపిరి. 'దారి' దగ్గర కొద్దిగా కిందికి దిగడం. సందేహం లేదు, అది తన గొంతు.

కానీ డ్రోన్లేమిటి? వాట్సాప్ ఏమిటి? ఆమె మైకు ముందు నిలబడిన కాలంలో ఆ మాటలే లేవు. తన నోటితో ఎన్నడూ చదవని వాక్యాలు తన గొంతుతో వినిపిస్తున్నాయి.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలు మీద చెంబుకు ఆనించిన ఫోను. ఆమె వజ్రమ్మ, సిద్దిరాములు తల్లి.

"ఎవరు గావాలె బిడ్డా?"

ధరణి తన ఫోనులో టైపు చేసి చూపించింది.

"నాకు సదువు రాదు. నోటితోని జెప్పు."

ధరణి ఒక్క క్షణం తటపటాయించింది. సంచిలో టార్చిలైటంత యంత్రం ఉంది. గవదకు ఆనించి మీట నొక్కి పెదాలు కదిపితే మాట వస్తుంది. మాట అంటే మాట కాదు. డబ్బాలో చిక్కుకున్న తుమ్మెద రొద. ఒకసారి కొంపల్లిలో కూరగాయల కొట్టు దగ్గర వాడితే ఎవరో పసివాడు జడుసుకుని ఏడ్చాడు. ఆ తర్వాత బయట దాన్ని తీయలేదు. ఇప్పుడు తీసింది.

"సిద్దిరాములు గారు... రమ్మన్నారు."

వజ్రమ్మ ఉలిక్కిపడలేదు. ముందుకు వంగి చెవి దగ్గర పెట్టింది. "సిద్దిరాములా? వస్తడు, కూసో. ఏమైంది బిడ్డా గొంతుకు? ఆపరేషన్ జేసిన్రా?"

ధరణి తలూపింది.

"నా మరదలికి గట్లనే జేసిన్రు. మాకు అలవాటే. నువ్వు మాట్లాడు, నేనింట."

రెండేళ్ళలో ఆ మాట ఆమెతో అన్నవాళ్ళు లేరు. ధరణి కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోను వైపు చెయ్యి చూపించి అడిగింది. "ఇది... ఎవరు?"

"గీమెనా?" వజ్రమ్మ మొహం విచ్చుకుంది. "యూట్యూబుల వస్తది. కొడుకు ప్లాట్లంటడు, కోడలు ఆఫీసంటది. పొద్దంత నాకు గీమెనే తోడు. చెప్పేటియన్ని సంపుడు ముచ్చట్లే గాని, మంచిగ చెప్తది. ఇంట్ల మనిషి దిరుగుతున్నట్లుంటది."

"అది నా గొంతు," అంది ధరణి.

యంత్రం ఆ మూడు మాటల్నీ ఒకే రొదగా కలిపేసింది. వజ్రమ్మకు అర్థమైనట్టు లేదు. ఇంతలో గేటు ముందు కారాగింది.

సిద్దిరాములుకు యాభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, జేబులో ఒక ఫోను, చేతిలో ఒక ఫోను. చేతిలో ఉన్నదాంట్లో ఎవరితోనో రిజిస్ట్రేషను గొడవ తెంపి, ధరణి వైపు తిరిగాడు.

"మెసేజ్ జేసింది మీరేనా? జెప్పున్రి."

ధరణి ముందే టైపు చేసి పెట్టుకున్నది చూపించింది. 'నా పేరు ధరణి. రిప్పర్ డాక్యుమెంటరీలో ఆడవాళ్ళకు డబ్బింగ్ చెప్పింది నేనే. ఆ టేపుల కోసం వచ్చాను.'

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. మొహంలో మర్యాద తగ్గింది.

"ఏంది మజాకా? ధరణి మేడం వచ్చి టేపులు దీస్కపోయి మస్తు రోజులాయె. దసరా ముంగట. డబ్బల వెట్టి నేనే కార్ల ఎక్కిచ్చిన."

ధరణి గబగబా సంచిలోంచి ఆధార్ కార్డు తీసి అందించింది. అతను దాన్ని వెలుగుకేసి పట్టి చూసి తిరిగిచ్చేశాడు.

"పేరు ధరణే, కాదంటలే. గా పేరు లోకంల మీ ఒక్కరికే ఉంటదా? నేను భూముల దందా జేస్తున్న. ఒక్క ప్లాటుకు ఇద్దరొస్తరు, ఇద్దరి తాన కాయితాలుంటయ్. గందుకే నేను కాయితం నమ్మ. టేపుల గొంతు మీదే అంటున్నరు గద. ఏదీ, ఒక్క ముక్క మాట్లాడున్రి. ఇంటే తెలిసిపోతది."

"అరేయ్," అంది వజ్రమ్మ.

ధరణి మెడ మీద స్కార్ఫు తీసింది. కావాలని కాదు, యంత్రం సరిగా ఆనడానికి. "మాట్లాడలేను," అంది.

సిద్దిరాములు ఒకడుగు వెనక్కి వేశాడు. కాసేపు ఎటు చూడాలో తెలియక ఫ్లెక్సీ వైపు చూశాడు.

"ఏమనుకోకున్రి," అన్నాడు గొంతు తగ్గించి. "నాకు తెల్వదు. గాని గామె కూడ మంచిగనే మాట్లాడింది. మాస్కు వెట్టుకున్నది, సర్ది అయ్యిందని గుసగుస మాట్లాడింది. ఇంటికి వొయినంక ఫోన్ జేసి తాంక్స్ జెప్పింది. అప్పుడు గొంతు సాఫ్ ఉండె. అచ్చం టేపుల గొంతే. గీ యూట్యూబ్ చానలు గూడ ఆమెదే. అమ్మకు ఫోన్ల వెట్టియ్యుమన్నది ఆమెనే."

ధరణి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఫోనులో ఆ కథ ఇంకా నడుస్తూనే ఉంది. తను ఏం చేయాలని ఇన్నాళ్ళూ ఆ టేపుల వెంట తిరిగిందో, అదే పని ఇంకెవరో ముందే చేసేశారు. గొంతు పోగొట్టుకున్నప్పుడు ఆమె దాన్ని చావులాంటిదే అనుకుంది. పోయింది, ఇక లేదు, అంతే. ఇప్పుడు అది ఎక్కడో తిరుగుతోంది, పనిచేస్తోంది, ముక్కూమొహం తెలియని ముసలివాళ్ళకు తోడుంటోంది. తన దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది.

'ఒక్క టేపూ మిగల్లేదా?' అని టైపు చేసింది. సిద్దిరాములు పెదవి విరిచాడు.

"ఏం టేపులురా?" వజ్రమ్మ అడిగింది. అతను చెప్పాడు. "మిషిన్ల ఇరికింది ఒకటి ఉన్నది గద?"

"గది బయటికి ఎల్లదమ్మా. గందుకే గామె గూడ ఇడిసిపెట్టిపోయింది."

"ఎల్లకుంటే ఏంది? ఆడుతది గద?"

షెడ్డుకు ఆనుకుని ఒక చిన్న గది. కేబుల్ నడిపిన రోజుల్లో అదే ఆఫీసు. చుట్టలు చుట్టిన తీగలు, బూజు పట్టిన డిష్షు, మూలన ఒక పెట్టె టీవీ, దాని కింద వీసీఆర్. సిద్దిరాములు రెండుసార్లు ప్లగ్గు మార్చాడు, ఒకసారి టీవీ నెత్తిన కొట్టాడు. వజ్రమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. వీసీఆర్ మూలిగింది. తెర మీద గీతలు పైకీ కిందికీ పరిగెత్తి, నెమ్మదిగా బొమ్మ నిలబడింది.

లండన్ పోలీస్ స్టేషను. కటకటాల గది. తాగి రోడ్డు మీద పడి ఉంటే తీసుకొచ్చిన ఒక ఆడమనిషి. ఆమె కేథరిన్ ఎడోస్, రిప్పర్ చంపినవాళ్ళలో ఒకతె. పేరేమిటని జవాను అడిగాడు.

"పేరా?" అంది తెర మీది ఆడమనిషి తెలుగులో. "ఏమీ లేదు."

ధరణి పెదాలు కదిలాయి.

ఆమె ప్రయత్నించి కదపలేదు. అవే కదిలాయి. ఇంగ్లీషు మూలాన్ని ఈ రెండేళ్ళలో పదేపదే చూస్తూ, అప్పుడు తను ఏమందో ఒక్కో మాటా గుర్తు చేసుకుని పేర్చుకుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టనప్పుడు ఆ మాటలే మనసులో చెప్పుకునేది. ఇప్పుడు వాటికి శబ్దం వస్తోంది, కాకపోతే ఎదురుగా ఉన్న పెట్టెలోంచి.

తెర మీది ఆడమనిషికి మత్తు దిగింది. జవాను తలుపు తీశాడు. ఇంటికెళ్తే తనకు దెబ్బలు తప్పవంది కేథరిన్. అన్నాక నవ్వింది. చిన్న నవ్వు, భయాన్ని మింగేసే నవ్వు. మూలంలో ఆ నవ్వు లేదు. స్క్రిప్టులోనూ లేదు. ఆ రోజు మైకు ముందు ధరణికి అలా వచ్చేసింది. బాగుంది, ఉంచేద్దాం అన్నాడు బుల్లిబాబు.

ఆ నవ్వు టీవీలోంచి రావడానికి ఒక రెప్పపాటు ముందే ధరణి భుజాలు కదిలాయి.

"అరేయ్ సిద్దిరాములు," అంది వజ్రమ్మ. ఆమె మొదట్నుంచీ టీవీని చూడటం లేదు. "బొమ్మను గాదురా, గీమెను జూడు."

అతను చూశాడు. తెర మీద కేథరిన్ వెళ్ళొస్తానని చెబుతూ చీకట్లోకి నడుస్తోంది. ఒక గంట గడవకముందే ఆమె శవం దొరకబోతోంది. ధరణి మెడ కింది రంధ్రంలోంచి ఊపిరి ఈలలా వస్తోంది. పెదాలు మాత్రం ఒక్క అక్షరం తప్పడం లేదు. ప్రతి మాటా ఆమె నోట్లో ముందు పుట్టి, టీవీలో తర్వాత వినిపిస్తోంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఆమె ఎదురొమ్ము పొంగుతోంది, ఆ తర్వాతే పెట్టెలో ఊపిరి వినిపిస్తోంది.

తెర మీద తెల్లచుక్కలు కమ్మి, టేపు ఆగిపోయింది.

తన గొంతును మళ్ళీ విన్న రోజున ఏడుస్తుందని ధరణి అనుకునేది. ఏడుపు రాలేదు. బాగా చెప్పాను, అనుకుంది. ఎంత బాగా చెప్పాను! ఈ మాట ఎవరితో పంచుకోవాలి? అమ్మ లేదు. ఫోనులో ఉన్న నంబర్లన్నీ ఆస్పత్రివి, గ్యాస్ ఏజెన్సీవి.

వజ్రమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీదే బిడ్డా గొంతు. పొద్దంత నాకు తోడున్నది నువ్వేనా?"

ధరణి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ నిలువుగా ఊపింది. ఏది నిజమో ఆమెకే తెలియలేదు.

సిద్దిరాములు నుదురు తుడుచుకున్నాడు. "గల్తీ అయింది మేడం," అన్నాడు. ఆ 'మేడం' ఈసారి ఇటు వచ్చింది. "మరి గామె ఎవరు? నా ఇంటికొచ్చి, నా తోని చాయ్ తాగి, మీ పేరు జెప్పి... ఆగున్రి."

ఫోను తీసి నంబరు వెతికాడు. 'ధరణి మేడం' అని సేవ్ చేసుకున్న నంబరు. స్పీకరు ఆన్ చేసి, వీసీఆర్ మీద పెట్టాడు. రింగవుతుంటే ధరణి పైట చెరగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"చెప్పండి సిద్దిరాములు గారూ," అంది ఫోను.

ఇందాక టీవీలో విన్న గొంతే. అదే నిదానం, అదే చిన్న ఊపిరి. ఇరవై ఏళ్ళ వయసు మాత్రం మీద పడింది. ఆపరేషను జరగకపోయి ఉంటే ఈరోజుకి తన గొంతు ఎలా ఉండేదో, సరిగ్గా అలా ఉంది.

"మేడం, గీడ ఒకామె వచ్చింది," అన్నాడతను కటువుగా. "గా టేపుల గొంతు ఆమెదట. సబూత్ గూడ జూపిచ్చింది. మీరెవరు అసలు?"

అవతల పెట్టేశారేమో అనుకుని సిద్దిరాములు ఫోను తెర వైపు చూశాడు. పెట్టేయలేదు.

"ఆమె అక్కడే ఉందా?" అంది ఆ గొంతు చివరికి. "వింటోందా?"

ధరణి యంత్రం కోసం సంచిలో చెయ్యి పెట్టింది. సంచి జారి కింద పడింది. యంత్రం నేల మీద దొర్లుకుంటూ తీగల చుట్టల కిందికి పోయింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తడుముతోంది.

"వద్దు ధరణీ, ఏమీ మాట్లాడకు. నువ్వు మాట్లాడలేవని నాకు తెలుసు."

ధరణి చేతులు నేల మీదే ఆగిపోయాయి. ఆపరేషను సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళింది. వెంట వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలంటే, ఎవరూ లేరని చెప్పి తనే పెట్టింది. మత్తు దిగాక కళ్ళు తెరిచి తలుపు వైపు చూస్తే బయట బల్ల ఖాళీగా ఉంది.

"నన్ను నీలోంచి తీసేశాక, నువ్వు కళ్ళు తెరిచేదాకా ఆ గది బయట బల్ల మీద కూర్చున్నది నేనే," అంది ధరణి గొంతు, ధరణితో.